సీసపు రేకులు, స్వేదన జలం: గాస్టన్ ప్లాంతే జీవితం

విద్యుచ్ఛాస్త్ర చరిత్ర చదివే విద్యార్థులకు వోల్టా, ఫారడే, ఎడిసన్ మహాశయుల నామధేయాలు కంఠస్థమే. కాని పొలంలోని ట్రాక్టరు మొదలుకొని ఇంటి మెట్ల కింది ఇన్వర్టరు దాకా, నిత్యమూ మనకు ఊడిగం చేస్తున్న సీసపు బ్యాటరీని ప్రసాదించినది ఎవరని అడిగితే తరగతి యావత్తూ మౌనం వహిస్తుంది. ఆయన పేరు గాస్టన్ ప్లాంతే. ఫ్రెంచి దేశీయుడు. ఆయన 1859లో నిర్మించిన ఘటం నేటికీ తన మౌలిక స్వభావాన్ని మార్చుకోలేదు. దానికి అప్పుడప్పుడు నీరు పోయవలసి రావడం కూడా ఆ స్వభావంలోనుంచి పుట్టినదే. ఈ నీటి సంగతి సరిగా తెలియక ఎన్నో బ్యాటరీలు అర్ధాయుష్షుతో మూలపడుతున్నాయి. బ్యాటరీ మీద బ్రతుకు ఆధారపడిన ఆటో నడుపుకొనేవారికి అది ఒక నెల సంపాదనను తినివేసే నష్టం. కనుక ప్లాంతే చరిత్రతోపాటు ఆ నీటి చరిత్రను కూడా ఈ సంచికలో చెప్పదలచాము.

ప్లాంతే 1834 ఏప్రిల్ 22వ తేదీన, ఫ్రాన్సుకు నైరుతి దిక్కున, పిరనీస్ పర్వతాలకు చేరువలో ఉన్న ఒర్తెజ్ అనే పట్టణంలో జన్మించాడు. ఆ ఇంట పుట్టిన మరొక ప్రతిభాశాలి ఆయన తమ్ముడు ఫ్రాన్సిస్. ఇతడు పియానో వాద్యంలో యూరపు అంతటా కీర్తి గడించి, 1934లో తొంబదియైదవ ఏట కన్నుమూశాడు. 1928లో ఇతని వాదన గ్రామఫోను పలకలకు ఎక్కింది. అన్న రూపొందించినది విద్యుత్తును నిలువచేసే సాధనం కాగా, తమ్ముడి సంగీతం యంత్రంలో నిలువ కావడం మాకు ముచ్చటగా తోస్తుంది.

గాస్టన్ చదువు పారిస్‌లో సాగింది. 1854లో, అనగా ఇరువదేండ్ల ప్రాయంలో, ఆయన పారిస్‌లోని కళలు, వృత్తివిద్యల జాతీయ సంస్థలో భౌతికశాస్త్ర సహాయకుడుగా ఎడ్మండ్ బెకెరెల్ పండితుని వద్ద కుదిరాడు. ప్రయోగశాలలో పరికరాలను సిద్ధపరచడం, ఉపన్యాస సమయంలో ప్రదర్శనలు నడపడం అటువంటి సహాయకుల పని. నేడు మన కళాశాలల్లో లాబ్ అసిస్టెంటు చేసే పనికి అది ఎంతో దూరం కాదు. ఆ మరుసటి సంవత్సరమే ఒక విచిత్రం జరిగింది. పారిస్ పొలిమేరలోని మెదోన్ ప్రాంతంలో ప్లాంతేకు ఒక పెద్ద శిలాజ అస్థి దొరికింది. అది కోట్ల ఏండ్లనాడు అంతరించిన, ఎగురలేని ఒక మహాపక్షి కాలి ఎముక అని తేలింది. పండితులు ఆ పక్షికి ప్లాంతే పేరు మీదనే గాస్టోర్నిస్ అని నామకరణం చేశారు. ఇరువది ఒకటవ ఏట పక్షి చరిత్రలో స్థానం సంపాదించినవాడు ఆ దారినే పోయి ఉంటే ఏమయ్యేదో ఊహించలేము. ఆయన మాత్రం విద్యుత్తు వైపే మొగ్గాడు.

ఆ కాలంలో విద్యుత్తు కావలసినవారు రసాయన ఘటాలనే నమ్ముకొని ఉండేవారు. వోల్టా 1800లో చూపిన దారి అది. ఘటంలోని తుత్తునాగం కరిగిపోయేకొద్దీ విద్యుత్తు వచ్చేది. తుత్తునాగం అయిపోతే ఘటం అయిపోయినట్లే. అయితే ఒక చిన్న విశేషాన్ని శాస్త్రజ్ఞులు గమనించారు. ఆమ్లజలంలో రెండు లోహపు రేకులు ముంచి వాటి గుండా కొంతసేపు విద్యుత్తును పంపి, ఆ పైన మూలాన్ని తొలగిస్తే, ఆ రేకులు తామే కొద్ది క్షణాలు ఎదురు దిశలో విద్యుత్తును ఇచ్చేవి. జర్మనీలో రిట్టర్ 1803లోనే ఇటువంటి ద్వితీయ ప్రవాహాన్ని పరిశీలించాడు. 1854లో సిన్‌స్టెడెన్ అనే జర్మను వైద్యుడు సీసపు ఫలకాలతో దీనిని గుర్తించాడు. చాలామందికి ఇది ఒక వింత మాత్రమే. కొందరికి ఘటాలను పాడుచేసే బెడద కూడా. ప్లాంతే ఆ బెడదనే పట్టుకొని కూర్చున్నాడు. పలు లోహాలను వరుసగా తీసుకొని, ఏది ఎంత ప్రవాహాన్ని ఎంతసేపు తిరిగి ఇస్తుందో కొలిచాడు. సీసం అన్నిటినీ మించింది.

1859లో ఆయన కట్టిన ఘటం చూడటానికి ఎంతో సాదా. రెండు పొడవైన సీసపు రేకులు, వాటి నడుమ ఒకదానినొకటి తాకకుండా ముతక నారబట్ట. రెంటినీ కలిపి చాపచుట్టలా చుట్టి, గాజు పాత్రలో నిలిపి, నూటికి పది పాళ్ళు గంధకామ్లం కలిపిన నీరు పోశాడు. తరువాతి కాలంలో బట్టకు బదులుగా రబ్బరు పట్టీలు వచ్చాయి. ఇక్కడ మా కళాశాలకే తగిన ఒక చమత్కారం చెప్పక తప్పదు. ఉర్దూ మాధ్యమ మిత్రులు సీసా అంటే అది లోహం, మనం సీసము అనేదే. తెలుగు విద్యార్థికి సీసా అంటే గాజు బుడ్డి, అది పారసీ శీషా నుంచి మనకు వచ్చిన మాట. కనుక ప్లాంతే చేసిన పని సీసాలో సీసాను పెట్టడం అని ఉభయ భాషలవారూ చెప్పుకోవచ్చు. గంధకామ్లాన్ని ఉర్దూవారు తేజాబ్ అంటారు, బ్యాటరీ అంగళ్ళవారు ఆసిడ్ అంటారు. పదార్థం ఒక్కటే, కాల్చే గుణమూ ఒక్కటే.

1860 మార్చిలో ఇటువంటి ఘటాలు తొమ్మిదింటిని ఒకటిగా కలిపి ప్లాంతే ఫ్రెంచి విజ్ఞానశాస్త్ర అకాడమీ ముందుంచాడు. ప్రపంచంలో మరల మరల నింపుకొనదగిన మొదటి బ్యాటరీ అదే. ఆ సంవత్సరంలోనే ఆయన సామాన్య జనానికి విద్య గరపే పాలిటెక్నిక్ సంఘంలో భౌతికశాస్త్రాచార్యుడయ్యాడు. పగలు వృత్తులు చేసుకొనే కార్మికులకు శాస్త్రం బోధించే సంఘం అది. ఆయన కీర్తి గురించి వ్రాసేవారు ఈ విషయాన్ని ఒక్క మాటలో దాటివేస్తారు. మాకు మాత్రం ఇది గౌరవింపదగినదిగా కనిపిస్తున్నది.

ఆ ఘటానికి ఒక చిక్కు ఉన్నది. కొత్త సీసపు రేకు నునుపుగా ఉండి, ఏమంత విద్యుత్తును పట్టుకొనదు. దానిని నింపాలి, ఖాళీ చేయాలి, కొంతకాలం విశ్రాంతినివ్వాలి, ఆపైన ఎదురు దిశలో నింపాలి, మరల ఖాళీ చేయాలి. ఇట్లా వారాలు, నెలలు గడిచేకొద్దీ ఒక రేకు మీద ముదురు గోధుమ వన్నె గల సీసపు పెరాక్సైడు పొర, మరొక రేకు మీద స్పంజివంటి బూడిదరంగు సీసం పేరుకొంటాయి. ఆ పొరలు ఎంత మందంగా పెరిగితే ఘటం శక్తి అంత పెరుగుతుంది. లోహం తనకు తానే లోపలినుంచి పనిముట్టుగా మారడం ఇది. ప్లాంతే దీనిని అభ్యాసం చేయించినట్లు చేయించాడు. ఎడతెగని ఓర్పుతో ఏ రేకుకు ఎంత విశ్రాంతి కావాలో, ఎన్నిసార్లు దిశ మార్చాలో లెక్కలు కట్టాడు. రేకులను ముందుగా పలుచని నత్రికామ్లంలో నానబెడితే కాలం కలిసివస్తుందని 1882 ప్రాంతంలో గాని తేలలేదు. నింపడానికైనా అప్పుడు డైనమోలు లేవు. ఒక బున్సెన్ ఘటం ఇచ్చేది సుమారు 1.9 వోల్టులు, సీసపు ఘటానికి 2 వోల్టులకు పైగా కావాలి. కనుక రెండు బున్సెన్ ఘటాలను వరుసగా కలిపి, వాటి ఘాటైన పొగలు పీలుస్తూ నింపుకోవలసి వచ్చేది.

ఘటం నిండినదని తెలియడం ఎట్లు? రేకుల నుంచి బుడగలు లేవడమే గుర్తు. ఈ బుడగల దగ్గరనే మనం ఆగవలసి ఉన్నది, ఎందుకంటే నీటి కథ అంతా అందులోనే ఉన్నది.

ఘటం ఖాళీ అవుతున్నప్పుడు లోపల జరిగేదానిని 1882లో గ్లాడ్‌స్టన్, ట్రైబ్ అనే ఆంగ్ల రసాయనజ్ఞులు విశదపరచారు. రెండు ఫలకాల మీది పదార్థాలూ ఆమ్లంతో కలిసి సీసపు సల్ఫేటుగా మారతాయి. ఆమ్లం తరిగి నీరు పెరుగుతుంది. నింపేటప్పుడు ఇదంతా వెనుకకు నడుస్తుంది. సల్ఫేటు విడిపోయి ఆమ్లం తిరిగి ద్రవంలోకి వస్తుంది. అందుచేతనే హైడ్రోమీటరు ముంచి ద్రవం చిక్కదనం కొలిస్తే ఘటం ఎంత నిండినదో తెలుస్తుంది. పూర్తిగా నిండిన మోటారు బ్యాటరీలో విశిష్ట సాంద్రత సుమారు 1.25 నుంచి 1.28 వరకు ఉంటుంది. ఉష్ణ దేశాలలో కొంత తక్కువగానే ఉంచుతారు. ఖాళీ అయినప్పుడు 1.15కు, ఇంకా దిగువకు పడిపోతుంది. ఇంతవరకు ఇచ్చిపుచ్చుకోవడమే గాని నష్టం లేదు. కాని ఫలకాల మీద మార్చవలసిన సల్ఫేటు అయిపోయిన తరువాత కూడా విద్యుత్తు వస్తూనే ఉంటే, దానికి చేయడానికి వేరే పని లేక, నీటిని విడగొడుతుంది. ఋణఫలకం వద్ద హైడ్రొజను, ధనఫలకం వద్ద ఆక్సిజను బుడగలై పైకి లేచి మూత రంధ్రాల గుండా పోతాయి. ఒక ఘటంలో ఒక ఆంపియర్-గంట విద్యుత్తు ఇట్లా అధికమైతే 0.336 గ్రాముల నీరు పోతుంది. పన్నెండు వోల్టుల బ్యాటరీలో ఆరు ఘటాలు ఉంటాయి గనుక సుమారు రెండు గ్రాములు. ఇది రోజూ జరిగేది. వేసవిలో, అందునా రోహిణి కార్తెలో, మరింత జరుగుతుంది.

బయటికి పోయినది నీరు. ఆమ్లం ఎక్కడికీ పోలేదు. ఈ ఒక్క వాక్యం గ్రహించినవారు బ్యాటరీని సగం కాపాడినట్లే. నీరు తగ్గిన ఘటంలో ఆమ్లం అంతకంతకు చిక్కబడుతుంది. ఆ స్థితిలో బలం తగ్గినదని భ్రమించి కొందరు ఇంకా ఆమ్లం పోస్తారు. ఒకటి రెండు రోజులు బ్యాటరీ చురుకుగా కనిపిస్తుంది కూడా. తరువాత చిక్కని ఆమ్లం ఫలకాలను, వాటి నడుమనున్న వేర్పాటు పొరలను తినివేస్తుంది. జ్వరం వచ్చినవానికి సారా పోసినట్లున్న ఈ వైద్యం మన ప్రాంతాలలో ఇంకా చెల్లుబాటు కావడం విచారకరం. ఇక నీరు బొత్తిగా పోయక వదలిపెట్టినవారి బ్యాటరీలో ఫలకాల తలలు బయటపడి గాలికి ఎండుతాయి. ఎండిన మేర సల్ఫేటు గట్టిపడి రాయి అవుతుంది. ఆ మేరకు ఘటం చచ్చినట్లే. తరువాత ఎంత నీరు పోసినా ఆ భాగం మునుపటివలె కోలుకోదు.

పోయవలసినది స్వేదన జలం, ఉర్దూలో ఆబె ముకత్తర్. మరగి, ఆవిరియై, మరల చల్లబడి బొట్లు బొట్లుగా దిగిన నీరు. లవణాలను తొలగించిన జలమైనా సరే. కొళాయి నీటిలో, బావి నీటిలో ఉండే క్లోరైడులు, ఇనుము ఘటంలోనే ఉండిపోయి నిలువ ఉన్న శక్తిని లోలోపల హరిస్తాయి. నీరు ఆవిరిగానో వాయువుగానో పోతుంది గాని ఆ లవణాలు పోవు. పోసినకొద్దీ పోగుపడతాయి. తాగడానికి శుద్ధిచేసిన నీటిలోనూ రుచి కొరకు కొన్ని లవణాలు మిగిల్చి ఉంచుతారు కనుక అదీ పనికిరాదు. దప్పిక తీర్చే నీరు వేరు, బ్యాటరీ నీరు వేరు.

పోసే వేళ కూడా చూడాలి. ఘటం నిండేటప్పుడు ద్రవమట్టం కొంత పైకి లేస్తుంది. ఖాళీ బ్యాటరీలో అంచుదాకా నీరు పోసి ఆ పైన నింపితే ఆమ్లజలం పొంగి బయటపడి, నిజంగానే ఆమ్లం నష్టమవుతుంది, కింది ఇనుము కూడా తినివేయబడుతుంది. కనుక ఫలకాలు బయటపడి ఉంటే అవి మునిగేటంత మాత్రం ముందు పోసి, పూర్తిగా నిండిన తరువాత గుర్తుదాకా, గుర్తు లేనిచోట ఫలకాలకు పైన ఒక సెంటీమీటరు ఎత్తువరకు, సరిపెట్టాలి. గాజు గరాటో ప్లాస్టిక్ గరాటో వాడాలి గాని లోహపుది కూడదు. మూతల రంధ్రాలు మట్టితో పూడి ఉండరాదు. వెలువడే హైడ్రొజను గాలిలో నూటికి నాలుగు పాళ్ళు కలిసినా చాలు, ఒక్క నిప్పురవ్వకు పేలుతుంది. అగ్గిపుల్ల గీచి నీరు ఎంత ఉన్నదో తొంగిచూసేవారి కన్నులు పోయేది అందువల్లనే. ఆరు ఘటాలూ ఒకే తీరున నీరు తాగుతూ ఉంటే నింపే వోల్టేజి ఎక్కువైనదేమో పరీక్షించాలి. ఒక్కటే తాగుతూ ఉంటే పెట్టె పగిలి కారుతున్నదేమో వెదకాలి. కారినప్పుడు మాత్రం ఆమ్లం కూడా పోయినట్లే, అది అనుభవజ్ఞుని చేత సరిచేయించవలసిన పని. మూతలు లేకుండా ముద్రించి వచ్చే బ్యాటరీల సంగతి వేరు. 1950ల చివరనుంచి జర్మనీలో ఆమ్లాన్ని జిగురుముద్దగా చేసి మూసివేసే విధానం వచ్చింది. వాటిలో వాయువులు చాలావరకు లోపలనే తిరిగి నీరవుతాయి. వాటిని పగులగొట్టి నీరు పోయబోవడం అవివేకం.

మరల ప్లాంతే వద్దకు వద్దాము. ఒక దశాబ్దం పైగా ఆయన ఘటం ప్రయోగశాల వస్తువుగానే ఉండిపోయింది. ఆయన దానితో కొవ్వొత్తులు వెలిగించే చిన్న పెట్టె ఒకటి చేసి శనిగ్రహపు చెకుముకి అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. ప్రాచీన రసవాదులు సీసాన్ని శనికి చెందిన లోహంగా భావించేవారు. పాశ్చాత్య శాస్త్రజ్ఞునికీ శని పేరు పెట్టుకోవడానికి జంకు లేకపోయిందన్నమాట! 1871లో గ్రామ్ డైనమో రూపొందిన పిమ్మట కథ మారింది. యంత్రం తిప్పి విద్యుత్తు పుట్టించి, దానిని సీసపు ఘటంలో నిలువచేయవచ్చునని స్పష్టమైంది. 1881లో పారిస్ వీధులలో గుస్తావ్ త్రువే ప్లాంతే ఘటాలతో ఒక మూడు చక్రాల బండిని నడిపాడు.

అదే సమయంలో కామీల్ ఫోర్ అనే మరొక ఫ్రెంచివాడు నెలల తరబడి సాగే ఆ అభ్యాసానికి అడ్డదారి కనిపెట్టాడు. సీసపు సింధూరాన్ని ఆమ్లంతో ముద్దచేసి రేకులకు మెత్తి, కొద్దికాలంలోనే అంత శక్తినీ రాబట్టాడు. 1881 మేలో ఫోర్ ఘటాల పెట్టె ఒకటి పారిస్ నుంచి గ్లాస్గోకు, సర్ విలియం థామ్సన్ వద్దకు నిండుగా ప్రయాణం చేసి చేరినపుడు పత్రికలు మారుమోగాయి. ఇరువది రెండేండ్లు శ్రమించిన ప్లాంతే పేరు ఆ హోరులో వెనుకబడింది. వ్యాపారం ఫోర్ మార్గంలో నడిచింది. ఆ ముద్దను పట్టి ఉంచడానికి జల్లెడ వంటి సీసపు చట్రాలు వచ్చాయి, వాటికి గట్టిదనం కోసం ఆంటిమొని కలిపారు. ఆ ఆంటిమొని కాలక్రమాన ఋణఫలకం మీదికి చేరి బుడగలను మరింత సులభం చేస్తుంది. అందువల్లనే ముసలి బ్యాటరీకి దాహం ఎక్కువ.

ప్లాంతే మాత్రం పోటీలోకి దిగలేదు. 1879లో తన పరిశోధనలన్నిటినీ ఒక గ్రంథంగా ప్రకటించి, వేరొక కుతూహలంలో మునిగాడు. ఎనిమిది వందల ఘటాలను విడివిడిగా నింపి, ఒకే వరుసలో కలిపితే సుమారు 1600 వోల్టులు వచ్చేవి. అది చాలక, అభ్రకపు పలకలతో కట్టిన ఒక యంత్రం ద్వారా ఇంకా ఎన్నో రెట్లు హెచ్చించాడు. ఆ మెరుపులతో ఆయన పిడుగులను, గోళాకారపు మెరుపును, ధ్రువకాంతులను ప్రయోగశాలలో పోల్చి చూడబోయాడు. ఆ పోలికలు కొన్ని తరువాతి శాస్త్రానికి నిలవలేదు. అయినా ఎనిమిది వందల ఘటాలలో ద్రవమట్టాన్ని చూసుకుంటూ నింపుతూ గడిపిన ఆ దినచర్యను తలచుకుంటే, ఇంట్లో ఒక్క ఇన్వర్టరు మూతలు విప్పడానికి బద్ధకించే మనకు తల వంగుతుంది.

1889 మే 21వ తేదీన, ఏబదియైదవ ఏట, ప్లాంతే మెదోన్‌లోని బెల్వ్యూలో మరణించాడు. ఆయనకు యౌవనంలో మహాపక్షి ఎముక దొరికిన ప్రాంతం అదే. అప్పటికి పారిస్‌లో ఐఫిల్ గోపురం కింద ప్రపంచ ప్రదర్శన ప్రారంభమై రెండు వారాలు దాటింది. తరువాతి కాలంలో ఫ్రెంచి విజ్ఞానశాస్త్ర అకాడమీ విద్యుచ్ఛాస్త్ర కృషికి ఆయన పేరిట బహుమానం ఇస్తూ వచ్చింది. 1912లో కాడిలాక్ కారు చేతితో తిప్పే కడ్డీకి బదులు విద్యుత్ స్టార్టరుతో బయలుదేరినప్పుడు, దానిని కదిలించినది సీసపు బ్యాటరీయే. 1985లో స్థాపితమైన అమర రాజా సంస్థ తిరుపతి సమీపాన కరకంబాడిలో చేపట్టిన పరిశ్రమ కూడా ఆ వంశంలోనిదే.

విశేషమేమంటే, వెనుకబడిందనుకున్న ప్లాంతే మార్గం అంతరించలేదు. ముద్ద మెత్తకుండా శుద్ధ సీసపు ఫలకాన్నే అభ్యాసం చేయించి కట్టే ఘటాలకు నేటికీ ఆయన పేరే. విద్యుత్ కేంద్రాలలో, టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలలో, కరెంటు పోయిన క్షణాన ఆదుకొనే నిమిత్తం అవి పారదర్శకమైన పెట్టెలలో వరుసలు తీరి నిలిచాయి. ఇరువది ఏండ్లు, అంతకు మించి కూడా పనిచేయగలవని వాటికి పేరు. పెట్టె మీద పైన ఒక గీత, కింద ఒక గీత ఉంటాయి. కాపలా ఉన్న ఉద్యోగి నియమిత దినాన హైడ్రోమీటరుతో వచ్చి, ద్రవం కింది గీతకు దిగిన ఘటాలను గుర్తించి, పై గీత వరకు స్వేదన జలం పోసి, ఏ ఘటానికి ఎంత పోసినదీ రిజిస్టరులో వ్రాసి సంతకం చేస్తాడు.